ఎఫ్ డ్రైవ్‌లో ఏమీ లేదు

నాకు ఇరవై మూడేళ్లు నిండిన ఏడాది, బళ్లారి జిల్లాలో కూరెకుప్ప దాటాక ఉన్న ఒక ఇనుప గని ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. మాది దేశనూరు పక్కన కాలువ కింద వరి వేసుకునే కుటుంబం. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. డిగ్రీ అయ్యాక ఇంట్లోవాళ్లు సిరుగుప్పలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేయించారు. ఆ రోజుల్లో గనుల జోరు ఎలా ఉండేదంటే, కంప్యూటర్ ఆన్ చేసి ఒక ఉత్తరం టైపు చేసి ప్రింటు తీయగలిగితే చాలు, రమ్మనేవాళ్లు. నేను ఉంటున్న గది నుంచి ఆఫీసుకు బస్సులో పది నిమిషాల దారి. లారీల వరుసలో ఇరుక్కుంటే గంట పట్టేది. వెళ్లగానే మొదటి పని తడిగుడ్డతో కీబోర్డు తుడవడం. గుడ్డ ఎర్రగా అయ్యేది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మళ్లీ తుడవాల్సి వచ్చేది.

ఆఫీసులో నాకు ఎక్కువగా పని పడేది సర్వేయర్ గారితో. అరవైకి దగ్గర పడిన మనిషి, ఆ జిల్లాలోనే పుట్టి పెరిగిన తెలుగు రైతు కుటుంబం. ముప్పై ఏళ్లుగా కొండలు కొలుస్తూ మోకాళ్లు అరగదీసుకున్నారు. అయినా ఎవరో చెప్పిన కొలత రాసుకునే రకం కాదు. తానే ఎక్కాలి, తానే చూడాలి. నన్ను పాపా అని పిలిచేవారు. నా కోస్తా మాట వినడం ఆయనకు సరదా. "ఏంటండీ, గీంటండీ" అని నన్ను వెక్కిరించి తానే నవ్వేవారు.

ఆ వేసవి చివర్లో, గని పైమెట్టు మీద ఒక పగులు ఆయన కంట పడింది. గనిలో కొండను మెట్లు మెట్లుగా తవ్వుతారు. ఆ పైమెట్టుకు సరిగ్గా కింద, చదునుగా ఉన్న జాగాలో రాళ్లు ఏరే కూలీల గుడిసెలు ఇరవై దాకా ఉండేవి. పగులు బెత్తెడు వెడల్పు కూడా లేదు. మేనేజరు వెళ్లి చూసి వచ్చారు. ఆయన ధార్వాడ వైపు కన్నడ మనిషి, తెలుగు బాగానే మాట్లాడేవారు.

"ఇట్లాంటివి ప్రతి కొండకూ ఉంటాయప్పా. సుమ్నె, ఊరికే గుడిసెలు లేపమంటే ఎట్ల? పెరుగుతుందని కొలిచి చూపించు, లేపిద్దాం" అన్నారు.

అది న్యాయమైన మాటే. సర్వేయర్ గారు పగులుకు అటూ ఇటూ ఇనుప మేకులు దిగ్గొట్టించి, బళ్లారి నుంచి కొత్తరకం కొలతల మిషన్ ఒకటి అద్దెకు తెప్పించారు. మూడు వారాలు రోజూ ఎక్కి కొలిచారు. ఆ మిషన్ కొలతలన్నీ తనలోనే దాచుకునేది. సాయంత్రం దాన్ని తెచ్చి నా కంప్యూటర్‌కు తగిలిస్తే, నేను వాటిని దింపి పట్టిక వేసేదాన్ని.

మొదటి రోజు ఆయన అలవాటుగా పుస్తకం తీసి కొలతలు రాసుకోబోయారు.

"ఎందుకండీ రెండుసార్లు పని? మిషన్‌లో ఉంది, సిస్టమ్‌లో ఉంది. చివర్లో అంతా ఒకేసారి ప్రింటు తీసిస్తాను" అన్నాను నేను.

ఆయన ఒక క్షణం ఆలోచించి పుస్తకం మూసి సంచిలో పెట్టేసుకున్నారు. ఆ మాట అన్నది నేనే కాబట్టి తర్వాత జరిగినదాన్ని ఇంకొకరి మీద తోయడానికి నాకు వీల్లేకపోయింది.

మూడు వారాలు పూర్తయ్యాయి. మిషన్ తిరిగి ఇచ్చేశాం. ఇచ్చేముందు దానిలో ఉన్నదంతా చెరిపేశారు, అది అద్దెకిచ్చినవాళ్ల నియమం. గనుల భద్రత చూసే అధికారి మర్నాడు మధ్యాహ్నం మూడింటికి వస్తున్నాడని కబురు వచ్చింది. కబురు వచ్చిన రోజే హొసపేట నుంచి నెట్‌వర్క్ పని చేసే మనిషి వచ్చాడు. ఆఫీసుకు కొత్తగా సర్వర్ కొన్నారు. అన్ని కంప్యూటర్లనూ దానికి కలపాలి. నా కంప్యూటర్‌లో వైరస్ ఉందనీ, అంతా తుడిచి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలనీ చెప్పాడు.

"కావలసినవి పెన్ డ్రైవ్‌లోకి తీసేసుకోండి మేడమ్. దీంట్లో ఏమీ మిగలదు" అన్నాడు.

ఆఫీసులో ఉన్నది ఒకటే పెన్ డ్రైవ్. బొటనవేలంత ఉండేది. దాన్ని పెడితే నా కంప్యూటర్‌లో ఎప్పుడూ ఎఫ్ అనే అక్షరంతో కనిపించేది. సర్వేయర్ గారికి గుర్తుండాలని దాని మీద తెల్లకాగితం అంటించి ఎఫ్ అని రాసింది కూడా నేనే. ఆయన దృష్టిలో దాని పేరే ఎఫ్. కొలతల ఫైలు అందులోకి తీశాను. ప్రింటు తీద్దామంటే ప్రింటర్‌ను అప్పటికే ఊడదీసి పక్కన పెట్టేశాడు ఆ మనిషి. అయిదున్నర బస్సుకు టైమవుతోంది. అతను వెనక నిలబడి "అయిందా మేడమ్, అయిందా" అంటున్నాడు. నేను చటుక్కున పెన్ డ్రైవ్ లాగేసి, సొరుగులో పెట్టి తాళం వేసి బస్సుకు పరిగెత్తాను.

పెన్ డ్రైవ్‌ను అలా లాగకూడదు. కింద మూలన ఉన్న గుర్తు నొక్కి, ఇక తీయవచ్చు అని కంప్యూటర్ చెప్పాకే తీయాలి. కోర్సులో మాస్టారు ఈ మాట పదిసార్లు చెప్పారు. బస్సులో గుర్తొచ్చింది. ఏమీ కాదులే అనుకున్నాను.

మర్నాడు తొమ్మిదింటికే సర్వేయర్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

"పాపా, నా కొలతలు జోపానంగా ఉండాయా?"

"ఉన్నాయండీ" అని సొరుగు తీసి ఆయన చేతికే ఇచ్చాను. అన్నీ కొత్తగా ఎక్కించిన నా కంప్యూటర్ కీబోర్డును తడిగుడ్డతో తుడిచి లేచాను. ఆయన తనే కూర్చుని పెన్ డ్రైవ్ పెట్టారు. టింగుమని చప్పుడైంది. దాని చిన్న దీపం వెలిగింది. ఎఫ్ మీద రెండుసార్లు నొక్కారు. తెర తెల్లగా తెరుచుకుంది.

"ఏంది పాపా, ఇది ఖాళీగా ఉండాది?"

నేను వంగి చూశాను. ఎఫ్ డ్రైవ్ తెరిచే ఉంది. అందులో ఏమీ లేదు. మూసి మళ్లీ తెరిచాను. ఏమీ లేదు. పెన్ డ్రైవ్ తీసి వెనకవైపు రంధ్రంలో పెట్టాను. మళ్లీ టింగుమంది, దీపం వెలిగింది, ఎఫ్ ఖాళీ. నిన్న సాయంత్రం లాగేసిన సంగతి కళ్ల ముందు తిరిగింది.

"సార్, నేనే... నిన్న గబుక్కున లాగేశాను. అందుకే పోయినట్టుంది" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "అంతా పోయినాదా? ఒకటన్నా మిగల్లేదా?" అని మాత్రం అడిగారు. తిట్టి ఉంటే బాగుండేది.

మేనేజరు గది నుంచి బయటికి వచ్చారు. "ఏనాయ్తు? ఏమైందమ్మా?" అని అడిగి, విని, తన కంప్యూటర్‌లో పెట్టి చూడమన్నారు. అక్కడా అంతే. టింగుమంది, ఎఫ్ వచ్చింది, ఖాళీ. రెండు కంప్యూటర్లూ ఒకేమాట చెప్పాక ఇక ఎవరికీ అనుమానం లేకపోయింది. మేనేజరు హొసపేట మనిషికి ఫోన్ చేసి నాకు ఇచ్చారు. అతను బండి మీద ఉన్నట్టున్నాడు, గాలి హోరు. "పెన్ డ్రైవ్ పాడైంటాది మేడమ్. ఒకసారి ఫార్మాట్ కొట్టి చూడండి, బాగైతాది" అని పెట్టేశాడు. ఫార్మాట్ కొడితే డ్రైవ్ బాగవుతుంది, ఉన్నది ఏదైనా ఉంటే అదీ పోతుంది. ఆ మాత్రం నాకు తెలుసు. కొట్టలేదు.

"సరి, ఇప్పుడేం చేద్దాం?" అన్నారు మేనేజరు సర్వేయర్ గారితో. "కొలతలు లేకుండా ఆ అధికారికి ఏం చూపిస్తావు? మళ్లీ వచ్చే నెల వస్తాడు. అప్పటికి మళ్లీ కొలువు."

"వచ్చే నెలకు వానలు దిగుతాయప్పా. వాన నీళ్లు ఆ పగుల్లోకి దిగితే ఏమైతాదో నీకు తెల్దా?"

"తెలుసు. నేను మాత్రం నోటిమాట మీద ఇరవై కుటుంబాలను ఎట్ల లేపేది?"

సర్వేయర్ గారు కుర్చీలోంచి లేచారు. "మిషన్ మళ్లీ తెప్పించు. ఈ రోజే ఎక్కుతా" అన్నారు. మేకుల దగ్గరికి ఎక్కడానికి ముప్పావు గంట. ఆ మోకాళ్లతో మూడు వారాలు ఎక్కడం నేను చూశాను. దిగివచ్చాక నా గదిలో కూర్చుని, నేను చూడటం లేదనుకుని మోకాళ్లు రుద్దుకునేవారు. ఇక అక్కడ నిలబడలేక వెనక వరండాలోకి వెళ్లి కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

తిరిగివచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. పెన్ డ్రైవ్ మళ్లీ నా కంప్యూటర్‌కే పెట్టి వెళ్లినట్టున్నారు. దాన్ని సొరుగులో పెట్టేద్దామని, ఈసారి పద్ధతిగా మూలన ఉన్న గుర్తు నొక్కి, తీయవచ్చు అని వచ్చాకే తీశాను. తీసి చేతిలో పట్టుకుని తెర వైపు చూశాను.

ఎఫ్ ఇంకా అక్కడే ఉంది.

పెన్ డ్రైవ్ నా చేతిలో ఉంది. అది తీసేస్తే ఎఫ్ అనే గుర్తు కూడా పోవాలి, ఎప్పుడూ అలాగే పోయేది. ఇప్పుడు పోలేదు. కంప్యూటర్ ఇంకా గ్రహించలేదేమోనని కాసేపు ఆగాను. రిఫ్రెష్ కొట్టి చూశాను. పోలేదు. ఎఫ్ మీద నొక్కితే తెరుచుకుంది కూడా, అంతకుముందులాగే ఖాళీగా.

అయితే ఇంతసేపూ మేం తెరిచి చూస్తున్నది పెన్ డ్రైవ్ కాదు.

ఆ గుర్తు బొమ్మను అప్పుడు సరిగ్గా చూశాను. డ్రైవ్ బొమ్మ కింద సన్నటి తీగ బొమ్మ ఉంది. అది సర్వర్‌ది. నిన్న రాత్రి వెళ్లేముందు హొసపేట మనిషి సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌ను ప్రతి కంప్యూటర్‌లోనూ ఎఫ్ అనే అక్షరంతో కనిపించేలా కట్టి వెళ్లాడు. కొత్త సర్వర్ కాబట్టి అందులో ఇంకా ఏమీ లేదు. అందుకే రెండు కంప్యూటర్లలోనూ ఎఫ్ ఖాళీ.

మరి పెన్ డ్రైవ్ ఎక్కడికి పోయినట్టు? పెట్టిన ప్రతిసారీ టింగుమంటోంది కదా. అంటే కంప్యూటర్ దాన్ని గుర్తుపడుతూనే ఉంది. కోర్సులో మాస్టారు డిస్కులన్నీ వరుసగా కనిపించే ఒక చోటు ఒక్కసారి చూపించి, "ఇక్కడ చేయి పెట్టారంటే డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది, జాగ్రత్త" అని మూసేశారు. అది వెతికాను. మై కంప్యూటర్ మీద కుడి బటన్ నొక్కితే మేనేజ్ అని ఉంటుంది, దానిలో డిస్క్ మేనేజ్‌మెంట్. తెరిచి పెన్ డ్రైవ్ మళ్లీ పెట్టాను. కింద కొత్తగా ఒక వరుస వచ్చింది. తీసిపెట్టగల డిస్కు, ఆరోగ్యంగా ఉంది అని రాసి ఉంది. దాని పక్కన అక్షరం: ఎఫ్. ఎంత నిండి ఉందో కూడా చూపిస్తోంది. ఖాళీ కాదు. దాదాపు సగం నిండి ఉంది.



ఆ వరుస మీద కుడి బటన్ నొక్కితే ఒక జాబితా వచ్చింది. డ్రైవ్ అక్షరం మార్చు అనేది అందులో ఉంది. దాని కిందనే, వేలెడు దూరం కూడా లేకుండా, ఫార్మాట్ ఉంది. లేచి, మేనేజరు గది దాకా వెళ్లి, ఇద్దరినీ పిలుచుకొచ్చాను. ఒక్కదాన్నే నొక్కే ధైర్యం రాలేదు.

"సార్, మీరు పక్కన నిలబడి చూడండి. నేను నొక్కబోయేది పైదా కిందదా చదివి చెప్పండి" అన్నాను సర్వేయర్ గారితో.

ఆయన కళ్లజోడు సర్దుకుని వంగారు. "పైదే. బరాబర్ పైదే ఉండాది. నొక్కు పాపా."

నొక్కాను. ఎఫ్ తీసి పి పెట్టాను. ఇలా మారిస్తే కొన్ని ప్రోగ్రాములు నడవకపోవచ్చు, నిజంగా మార్చమంటారా అని కంప్యూటర్ అడిగింది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "మార్చమను, ఏమైతే అది కానీ" అన్నారు మేనేజరు. సరే అన్నాను. ఒక సెకను ఏమీ కాలేదు. తర్వాత పి అనే డ్రైవ్ తనంతట తానే తెరుచుకుంది. అందులో సర్వేయర్ గారి కొలతల ఫైలు. తెరిచాను. మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు, వరుసగా ఇరవై ఒక్క రోజులు.

సర్వేయర్ గారు తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసా కిందికి దిగుతూ చివరిదాకా చదివారు. చదివి నా తల మీద చేయి పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకోలేదు.

"ఏడ్చేది పొద్దున అయిపోయింది కదమ్మా. ప్రింటు తీ, బేగ, త్వరగా" అన్నారు మేనేజరు. ఆయన గొంతూ తేలికపడింది. టీ తెప్పించారు. ప్రింటర్ తగిలించి మూడు కాపీలు తీశాను. ఇంకొకటి నాకోసం తీసి నా సంచిలో పెట్టుకున్నాను.

టీ తాగుతూ సర్వేయర్ గారు అడిగారు. "నాకు అర్థమయ్యేటట్టు చెప్పు పాపా. ఒకే పేరు ఇద్దరికి ఎట్ల పెట్టింది ఆ మిషన్?"

తెలిసినంత చెప్పాను. తెలియనిది తర్వాత నేర్చుకున్నాను, కలిపే రాస్తున్నాను. పెన్ డ్రైవ్ పెట్టగానే తాను ఏ రకం వస్తువో, తన నంబరు ఏమిటో కంప్యూటర్‌కు అది చెప్పుకుంటుంది. కంప్యూటర్ దానికి ఒక అక్షరం ఇస్తుంది. సి, డి అక్షరాలు లోపలి డిస్కుకు, 'ఈ' అనే అక్షరం సీడీ పెట్టే డబ్బాకు పోయాయి. తర్వాతది ఎఫ్, అది ఇచ్చేస్తుంది. కానీ సర్వర్ ఫోల్డర్‌ను కట్టింది కంప్యూటర్‌కు కాదు, నేను లాగిన్ అయ్యే పేరుకు. తనకు తగిలించిన డిస్కులకు అక్షరాలు పంచే భాగం ఆ వైపు తొంగి చూడదు. అందుకని రెండింటికీ ఎఫ్ పడింది. మనం ఎఫ్ అని నొక్కితే సర్వర్‌ది తెరుచుకుంటుంది, పెన్ డ్రైవ్ దాని వెనక కనపడకుండా ఉండిపోతుంది.

ఆయన శ్రద్ధగా విన్నారు. "అంటే సర్వే రాయి యాడ పాతింది ఆడనే ఉండాది. నంబరు మాత్రం ఇంకో రాయి మీద రాసినారు. మనం నంబరు చూసి పోయి వేరే రాయి కాడ నిలబడి, ఏమీ లేదని ఏడుస్తాండాము."

"అంతేనండీ" అన్నాను.

"మరి నువ్వు లాగినందుకు పోలేదు కదా?"

"లేదండీ."

"ఆ మాట నువ్వు గట్టిగా చెప్పుకో. పొద్దున్నుంచీ నీ మొహం చూడలేకపోతాండా."

మూడింటికి అధికారి వచ్చాడు. కాగితాలు ముందు పెట్టుకుని పది నిమిషాలు చూశాడు. మొదటి వారం కంటే మూడో వారంలో పగులు తొందరగా వెడల్పవుతోందని ఆ పట్టికలో స్పష్టంగా ఉంది. కొండ ఎక్కి మేకులు చూసి వచ్చి, గుడిసెలు వెంటనే తీయించమని అక్కడే కూర్చుని రాసిచ్చాడు. మేనేజరు కూడా మాట నిలబెట్టుకున్నారు. నాలుగు రోజుల్లో ట్రాక్టర్లు పెట్టించి, రేకులూ గుంజలూ అన్నీ మోయించి, రోడ్డుకు అవతల ఎత్తు మీద కొత్త గుడిసెలు వేయించారు.

రెండు వారాలకు వానలు దిగాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం గంటసేపు కురిసి వెలిసింది. సోమవారం నేను బస్సు దిగేసరికి సర్వేయర్ గారు గేటు దగ్గరే జీపులో కూర్చుని ఉన్నారు.

"ఎక్కు పాపా, నువ్వు చూడాల" అన్నారు.

పైమెట్టులో సగం లేదు. పగులు ఉన్నచోట నుంచి విడిపోయి, ఎర్రమట్టీ బండలూ కలిసి కిందికి జారి, గుడిసెలు ఉండిన జాగా మొత్తాన్ని కప్పేశాయి. అక్కడ ఎవరూ లేరు. మోసుకుపోకుండా వదిలేసిన పాత నీళ్ల డ్రమ్ము ఒకటి సగం మట్టిలోంచి బయటికి కనిపిస్తోంది, రేకు మడతపడినట్టు నలిగి ఉంది. జీపు బానెట్ పట్టుకుని నిలబడ్డాను. సర్వేయర్ గారు ఒక బండ మీద కూర్చుని సీసా నీళ్లు సగం తాగి, మిగతావి నాకిచ్చారు.

"ఎవరూ లేరు పాపా. ఒక్కరూ లేరు" అని రెండుసార్లు అన్నారు.

తిరిగివస్తూ కొత్త గుడిసెల దగ్గర జీపు ఆపించారు. నడివయసు కూలీ ఒకామె పొయ్యి మీద సంగటి గెలుకుతోంది. మమ్మల్ని చూడగానే తెడ్డు పట్టుకునే లేచి వచ్చింది.

"ఏందప్పా, మమ్మల్ని తెచ్చి ఈడ పారేసినారు? నీళ్లకు యాడికి పోవాల? ఆ కింద ఉన్నప్పుడు కుళాయి గడప ముందరే ఉండె. ఇప్పుడు రోడ్డు దాటాల, లారీలు ఆగితే కదా దాటేది! కొలిచినామంటారు, ఏం కొలిచినారు మీరు? కుళాయి ఎంత దూరమో కొలిచినారా?"

"తప్పే అమ్మా, అది కొలవలేదు. కుళాయి ఏపిస్తా" అన్నారు సర్వేయర్ గారు.

"ఎప్పుడు ఏపిస్తావు? మళ్ల వానాకాలానికా?"

ఆయన నిలబడి వింటున్నారు. ఆమె వెనక గుడిసెల్లోంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఆమెతో గొంతు కలిపారు. చంటిబిడ్డను చంకన వేసుకున్న ఒకామె నన్ను కూడా వదిలిపెట్టలేదు, ఆఫీసులో చల్లగా కూర్చునేదానివి నీకేం తెలుసు అంది. వాళ్లందరూ ఉన్నారు, నిక్షేపంగా ఉన్నారు, నోరారా తిడుతున్నారు. ఆ తిట్లు ఇంకాసేపు విందామనే అనిపించింది నాకు.